‘ఆత్మవిశ్వాసాన్ని పొందగలిగాను’ అనవచ్చా?

సందేహం: నేను గృహిణిని. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాలుగేళ్లుగా కథలు రాస్తున్నాను. పన్నెండు కథలు కలిపి పుస్తకంగా వేద్దామని ముందు పేజీకి ‘నా మాట’ రాసుకున్నాను. అందులో “పలువురి ప్రోత్సాహం, సలహాల వల్ల నేను ఒక రచయిత్రిగా ఆత్మవిశ్వాసాన్ని పొందగలిగాను. అందుకే ఈ కథలు రాశాను” అని ఉంది. తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మా పెదనాన్నగారు చదివి, ‘ప్రోత్సాహం’ కాదు ‘ప్రోద్బలం’ అనాలన్నారు. ‘రాశాను’ తప్పు, ‘వ్రాశాను’ అనాలన్నారు. అసలు వాక్యమే తెలుగులా లేదన్నారు. అప్పటి నుంచి పుస్తకం పని ఆపేశాను. ఒక్క వాక్యం సరిగా రాయలేనిదాన్ని పుస్తకం ఏం వేస్తానని టెన్షన్ పట్టుకుంది. ఏది ఒప్పో చెప్పగలరా?

సమాధానం: అమ్మా, ముందు పుస్తకం పని మళ్లీ మొదలుపెట్టండి. మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. వాక్యం తెలుగులా లేదన్న మాటలో మాత్రం పెదనాన్నగారి చెవి సరిగ్గానే పట్టింది. దాని సంగతి తర్వాత చూద్దాం. మిమ్మల్ని బాగా భయపెట్టింది ‘రాశాను’ అనిపిస్తోంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

‘వ్రాయు’ పాత రూపం, ‘రాయు’ నేటి రూపం. అయితే ‘వ్రాయు’ కూడా పుట్టినప్పుడే అలా లేదు. తమిళంలో గీయడానికి, రాయడానికి ‘వరై’ అనే మాట ఉంది. కన్నడంలో ‘బరె’. మూడూ ఒక్క తల్లి బిడ్డలే. మొదట్లో ‘వర’ అని ఉన్నదాంట్లో అచ్చు, రేఫ (అంటే ‘ర’ ధ్వని) స్థానాలు మారి, తెలుగులో మాట మొదట్లోనే ‘వ్ర’ ఏర్పడింది. తమిళ ‘విరల్’, కన్నడ ‘బెరళు’ మనకు ‘వ్రేలు’ అయింది ఇలాగే. వాళ్ల ‘మరం’, ‘మర’ మనకు ‘మ్రాను’ అయ్యాయి. ఆ తర్వాత నాలుక ఇంకో అడుగు వేసింది. వ్రేలు వేలయింది, మ్రాను మానయింది, క్రొత్త కొత్త అయింది, ప్రొద్దు పొద్దయింది, త్రాగడం తాగడమైంది. మిగతా మాటల్లో రేఫ పోతే, ‘వ్రాయు’లో రేఫ నిలిచి వకారం పోయింది. అంతే తేడా.

మరి పెదనాన్నగారు రోజూ ‘క్రొత్త బట్టలు’, ‘ప్రొద్దున్నే’ అంటున్నారా? ‘వ్రేలు తెగింది’ అంటున్నారా? అనరు. ఒక్క ‘వ్రాయు’ దగ్గర మాత్రం పట్టు వదలరు. ఎందుకంటే ఆ తరం వారికి రాత అనేది బడిలో, పలక మీద, గురువుగారి ఎదుట వచ్చింది. ఆ మాట మీద గౌరవం కొద్దీ పాత అక్షరాన్ని కాపాడుకుంటున్నారు. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. ఆయన రాసేటప్పుడు ‘వ్రాశాను’ అని రాసుకుంటే అది ఒప్పే. మీరు ‘రాశాను’ అంటే అదీ ఒప్పే. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఏనాడో దాన్ని ఒప్పుకున్నాయి. తెలంగాణ అమ్మాయి తన కథలో ‘రాసిన’ అంటే అది కూడా అంతే ఒప్పు. మాట పాతది కావడం వేరు, ఒప్పు కావడం వేరు. ఈ రెండూ కలిసిపోవడం వల్ల ఎంతమంది కొత్తవాళ్లు కలం మూసి పక్కన పెట్టారో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇక ప్రోత్సాహం. ప్ర, ఉత్సాహం కలిస్తే గుణసంధి జరిగి ‘ప్రోత్సాహం’ అవుతుంది. (కొందరు ‘ప్రొత్సాహం’ అని హ్రస్వంగా రాస్తారు, అది తప్పు.) ఉత్సాహంలో ఉన్నది ‘సహ’ అనే ధాతువు. సహనంలో ఉన్నదీ అదే. ఓర్చుకోవడం, తట్టుకుని నిలవడం దాని అర్థం. కావ్యశాస్త్రం చెప్పిన ఆలంకారికులు వీరరసానికి స్థాయిభావంగా, అంటే మూలభావంగా చెప్పింది కోపాన్ని కాదు, ఉత్సాహాన్ని. కాబట్టి ఒకరిని ప్రోత్సహించడమంటే పొగడ్డం అనుకోకండి. పని బరువును మోసే శక్తి వాళ్లలో లేపడం. మీకు జరిగింది అదే కదా!

ప్రోద్బలం కూడా మంచి మాటే. ప్ర, ఉద్బలం కలిసి వచ్చింది. పాత పుస్తకాల ముందుమాటల్లో ‘మిత్రుల ప్రోద్బలంతో’ అని కనిపిస్తుంది. పెదనాన్నగారి మనసులో ఉన్నది ఆ వాడుక. కానీ ఇప్పుడు ఈ మాట ఎక్కువగా ఎక్కడ వినిపిస్తోంది? ‘ఎవరి ప్రోద్బలంతో ఈ దాడి చేశారో పోలీసులు ఆరా తీస్తున్నారు’ అనే వార్తల్లో. వెనక ఎవరో ఉండి చేయించారన్న వాసన దానికి అంటుకుంది. అందుకని మీ ‘ప్రోత్సాహం’ అలాగే ఉంచండి. ‘సలహా’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి మన ఇంటి మాట అయిపోయింది, దానికి ఢోకా లేదు.

ఇప్పుడు వాక్యం. ‘నేను ఒక రచయిత్రిగా ఆత్మవిశ్వాసాన్ని పొందగలిగాను.’ దీన్ని గట్టిగా ఒకసారి చదవండి. మీ వీధిలో ఎవరైనా ఇలా అంటారా? ఇంగ్లీషులో మనిషి కర్తగా నిలబడి ధైర్యాన్ని సంపాదిస్తాడు, పొందుతాడు. తెలుగులో ఇలాంటివి మనిషి దగ్గరికి వస్తాయి. నాకు ఆకలేసింది, నాకు కోపమొచ్చింది, నాకు నచ్చింది. అలాగే నాకు ధైర్యం వచ్చింది, నమ్మకం కుదిరింది. ‘నేను’ తగ్గి ‘నాకు’ అయితే సగం దోషం పోతుంది. ‘ఒక’ కూడా తీసేయండి. మీరు రచయిత్రి అంటే చాలు, ఎన్నో లెక్క చెప్పనక్కర్లేదు.

‘ఆత్మవిశ్వాసం’ వాడుకలో స్థిరపడిన మాటే, తప్పని అనను. కానీ విశ్వాసం అనగానే తెలుగువాడికి కుక్క చూపే విశ్వాసం, తిన్నింటి మీద ఉండాల్సిన విశ్వాసం ముందు గుర్తొస్తాయి. మీరు చెప్పదలుచుకున్నదానికి ‘ధైర్యం’ ఎంత దగ్గరగా ఉందో చూడండి. ధైర్యం చాలదు, ధైర్యం చిక్కుతుంది, ధైర్యం చేస్తాం, ధైర్యం కూడగట్టుకుంటాం. అన్నిటికన్నా నాకిష్టమైనది ‘ధైర్యం చెప్పడం’. ఒకరు నోటితో చెబితే ఇంకొకరి గుండెలోకి చేరేదని మనవాళ్లు ఆ మాటలోనే పెట్టారు.

‘వల్ల’ తప్పు కాదు. కానీ ఇక్కడ ‘బట్టి’ ఇంకా బాగా అతుకుతుంది. నేను ఇరవై రెండేళ్ల వయసులో ఒక పత్రికకు మొదటి వ్యాసం రాసి మా గురువుగారికి చూపించాను. ‘వర్షము కురియుట వలన’ అని మొదలుపెట్టాను. ఆయన ఎర్రసిరా తీయలేదు. చెవి మీద ఉన్న పెన్సిల్ తీసి ఆ మూడు మాటల చుట్టూ సున్నా చుట్టారు. “దీన్ని మీ అమ్మ ఏమంటుందిరా?” అని అడిగారు. “వాన పడబట్టి అంటుందండీ” అన్నాను. “మరి అది రాయి” అన్నారు. మిగతా వ్యాసం జోలికి పోలేదు. ఆ రాత్రి కూర్చుని మొత్తం నేనే తిరగరాశాను. సలహా ఇస్తే అలా ఇవ్వాలి. ఆ చిన్న పెన్సిల్ సున్నా ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

కాబట్టి మీ వాక్యం ఇలా అనుకోవచ్చు: “నలుగురూ వెన్నుతట్టి, తెలిసినవాళ్లు తప్పొప్పులు చెప్పబట్టే నాకు రాయగలనన్న ధైర్యం వచ్చింది.” భుజం తట్టారని అన్నా ఒప్పే. ఇంకా తగ్గించి చెప్పుకోవాలంటే “ఈ కథలు నాచేత రాయించింది వాళ్లే” అనండి. ‘రాయించు’లో ఉన్న ‘ఇంచు’ చిన్న ప్రత్యయమే అయినా కృతజ్ఞత అంతా దాంట్లో పట్టేస్తుంది. పోతన అంతటివాడు భాగవతాన్ని తనచేత పలికించినవాడు రామభద్రుడని ఆ ప్రత్యయంతోనే చెప్పుకున్నాడు.

సాయం తీసుకున్నానని చెప్పుకోవడం చిన్నతనమేమో అన్న భయం కూడా మీ ఉత్తరంలో ఎక్కడో తొంగి చూసింది. ఆదికవి నన్నయ్య పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెడుతూ, తనతో చదువుకున్న స్నేహితుడు నారాయణభట్టు తనకు తోడైన సంగతి పద్యంలోనే చెప్పాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు ఎలాగో తనకు ఈయన అలాగని పోల్చాడు. అక్కడ నన్నయ్య వాడినది పెద్ద సంస్కృత పదం కాదు, ‘తోడయి’ అన్నాడు. గోరువెచ్చని పాలలో మీరు రాత్రి చెంచాడు మజ్జిగ వేస్తారే, దానికీ మనం ‘తోడు’ అనే అంటాం. పొద్దున్నకి పాలు తోడుకుంటాయి. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు వేస్తే విరుగుతాయి, మీకు నేను చెప్పాలా? కొత్త రాతకు ఇచ్చే సలహాకూ ఆ అదను ఉంది. మీ విషయంలో అది కాస్త తప్పిందేమో.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. గురజాడ అప్పారావు గారు తొలిరోజుల్లో ఇంగ్లీషులో పద్యాలు రాసేవారు. ఆయన రాసిన ఇంగ్లీషు ‘సారంగధర’ను కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ చదివి, మెచ్చుకుని, తన పత్రికలో వేసుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. ఎంత ప్రతిభ ఉన్నా పరాయి భాషలో రాసి పేరు తెచ్చుకోవడం కష్టం, మీ తెలుగులోనే రాయండని చెప్పారు. చెప్పినాయనకు తెలుగు రాదు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడేనాటికి గురజాడ ఎంచుకున్న భాష ఏమిటో మీకు తెలుసు, ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు. మెచ్చుకోలు, సలహా రెండూ ఒకే నోటి నుంచి, ఆ వరసలో వచ్చాయి, గమనించండి.

ప్రూఫులు మాత్రం పెదనాన్నగారి చేతనే దిద్దించండి. అచ్చుతప్పులు పట్టడంలో ఆ తరం కంటికి సాటి లేదు. ఆయన ‘వ్రాశాను’ అని దిద్దిన చోట్ల మీ ‘రాశాను’ మళ్లీ పెట్టుకుని, మిగతా దిద్దుబాట్లు ఒక్కొక్కటే చదువుకుని చూడండి. చాలావరకు మీరే ఒప్పుకుంటారు. ‘నా మాట’లో ఆయన పేరు కూడా చేర్చండి. ఊరి పేరు, తేదీ వేసి ప్రెస్సుకు ఇచ్చేయండి. పుస్తకం వచ్చాక నాకొక ప్రతి పంపితే చదువుతాను.