అంత పెద్ద చెట్టు 2017 దాకా ఎవరి కంటా పడలేదా?

ముప్పై మీటర్లు పెరిగే చెట్టును ఆండీస్ కొండల్లో మొన్న 2017లో "కనుక్కోవడం" ఏంటి, అన్నాళ్లూ ఎవరూ చూడలేదా అని అడిగారు. చూశారండీ, చాలామందే చూశారు. దానికి పేరు లేదంతే.

మీరడిగింది ఇన్కాడెండ్రాన్ ఎస్సెరి గురించి. పెరూలో ఇన్కా సామ్రాజ్యం నాటి ట్రోచా యూనియన్ అనే కాలిబాట వెంట మామూలుగా కనిపించే చెట్టే, ఈక్వడార్‌లోనూ ఉంది. గాటు పెడితే తెల్లటి పాలు కారతాయి, రబ్బరు, ఆముదం ఉన్న కుటుంబమే. కెన్నెత్ వర్డాక్, విలియం ఫర్ఫాన్-రియోస్ అనే శాస్త్రవేత్తలు దాని వివరణ ప్రచురించారు. తెలిసిన ఏ ప్రజాతిలోనూ (దగ్గరి జాతుల గుంపు, జీనస్) ఇమడక కొత్త ప్రజాతే పెట్టాల్సి వచ్చింది.

ఆలస్యం ఎందుకవుతుందో నాకు పశ్చిమ కనుమల్లో ఒక ప్రాజెక్టు కోసం చెట్ల నమూనాలు సేకరించినప్పుడు అర్థమైంది. కొండ అడవిలో చెట్టు కింద నిలబడితే కనిపించేది నాచు పట్టిన మానే. ఆకులు పైన మబ్బులో ఉంటాయి. కింద రాలిన ఆకు ఆ చెట్టుదో, దాని మీద పాకిన తీగదో చెప్పలేం. బరువు కట్టిన తాడు కొమ్మ మీదికి విసిరి లాగాలి, లేదా చెట్టెక్కేవాళ్లు కావాలి. తీరా కొమ్మ దించితే ఉత్త ఆకులే ఉంటాయి. పువ్వు ఒక కాలంలో, కాయ ఇంకో కాలంలో వస్తాయి. ఆడ, మగ పూలు వేర్వేరు చెట్లకు పూస్తే ఇక చెప్పక్కర్లేదు. పువ్వూ కాయా చేతికి రాకుండా కొత్తది అనే ధైర్యం ఎవరూ చేయరు.

వానలో న్యూస్‌పేపర్ల మధ్య పెట్టిన కొమ్మ ఆరదు. బూజు పడుతుంది, ఆకులు ఊడిపోతాయి. అందుకని పేపర్లతో సహా కట్ట కట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి స్పిరిట్ పోసేవాళ్లం, ఆరబెట్టడం కొండ దిగాకే. ఈలోగా రంగూ వాసనా పోతాయి కాబట్టి పాలు తెలుపా పసుపా, బెరడు లోపల ఏ రంగు అన్నవి చెట్టు దగ్గరే రాసుకోవాలి. అదీ పెన్సిల్‌తోనే. పెన్ను సిరా స్పిరిట్‌కు అలుక్కుపోతుంది.

తర్వాతి పని హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట. ఎండిన పువ్వును వేడినీళ్లలో వేస్తే కాసేపటికి మెత్తబడుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద విప్పి కేసరాలెన్ని, అండాశయంలో గదులెన్ని అని చూస్తారు. ఇదంతా ఓపిక పని. అసలు టెన్షన్ పోల్చడంలో ఉంటుంది. దగ్గరి జాతులన్నిటి టైపు నమూనాలు, అంటే ఆ పేర్లకు ఆధారమైన అసలు నమూనాలు, ఏ లండన్‌లోనో పారిస్‌లోనో ఉంటాయి. వాటి ఫొటోలు ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లో దొరకడం కాస్త నయం. నూరేళ్ల కిందట ఎవరో పెట్టిన పేరు మన కంటపడకపోతే, మనం పెట్టిన పేరు పక్కకు పోతుంది.

అందుకే సేకరించిన ఐదేళ్లలోపు పేరు దక్కించుకున్న కొత్త జాతులు 16 శాతమేనని 2010లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే అడవిలోకంటే బీరువాల్లోనే కొత్త జాతులు ఎక్కువ ఎదురుచూస్తున్నాయేమో అని నా అనుమానం. పెరూలోనే మాను జాతీయ పార్కులో రాబిన్ ఫోస్టర్ అనే వృక్షశాస్త్రవేత్త 1973లో సేకరించిన ఒక చిన్న చెట్టుకు 2021లో గానీ పేరు రాలేదు. అది ఏ కుటుంబమో డీఎన్ఏ చూస్తే గానీ తేలలేదు.

ప్రచురణ నియమాలు మాత్రం సులువయ్యాయి. 2012 నుంచి వివరణ లాటిన్‌లోనే ఉండనక్కర్లేదు, ఇంగ్లీషు చాలు. ఒక నమూనాను హోలోటైప్, అంటే ఆ పేరుకు ఆధారమైన ఏకైక నమూనా, అని ప్రకటించి, అది ఏ హెర్బేరియంలో ఉందో చెప్పాలి.

తెలియని చెట్టుకు ఫొటో తీస్తే చాలా అని కూడా అడిగారు. పేరు పెట్టడానికి చాలదు గానీ పనికొస్తుంది. ఆకు పైవైపు, కిందివైపు, కొమ్మకు ఆకులు ఎలా అతికాయో, బెరడు, పువ్వో కాయో ఉంటే పక్కన స్కేలు పెట్టి తీయండి. రక్షిత అడవిలో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మ మాత్రం విరవకండి.