ర్యాంకుల జాబితానా, సమీక్షా: కొత్త శ్రోతకు ఏది దారి?

కావలి నుంచి రాసిన మిత్రులకు నమస్కారం. కర్ణాటక సంగీతం కొత్తగా వింటున్న మీకు పాటలు వినే యాప్‌లోని ర్యాంకులు ఒక దారి, పత్రికల సమీక్షలు మరొక దారి చూపుతున్నాయని, దేన్ని నమ్మాలో తోచడం లేదని అన్నారు.

ర్యాంకు కొలిచేది ఆదరణను మాత్రమే. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా నాటి నుంచి పాటల వరుసకు ఆధారం ఎందరు కొన్నారు, ఎందరు కోరారు అన్నదే. పైగా జాబితాలో పైనున్న పాట, పైనున్నందువల్లనే మరింత మంది చెవిన పడుతుంది. సినిమా పాటలకు అది చాలు గాని, కచేరీ సంగీతానికి చాలదు. మన ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం అటువంటి జాబితాలో మీకు ఎదురుపడకపోవచ్చు. ఆ పేరు చెప్పవలసింది మంచి విమర్శకుడే.

అయితే విమర్శకులందరూ ఒకటి కారు. శ్రోతలు మంత్రముగ్ధులయ్యారనే మాటతో ముగిసే సమీక్షను పక్కన పెట్టండి (దానిని కచేరీకి వెళ్లకుండానే రాయవచ్చు). ఆలాపనలో (సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించడంలో) ఏ సంచారం, అంటే ఏ స్వరాల నడక, రాగాన్ని పట్టించిందో, నెరవుకు (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడడానికి) ఏ పంక్తిని ఎంచుకున్నారో చెప్పే సమీక్ష మీ చెవికి పని కల్పిస్తుంది. మీరు స్వయంగా విన్న కచేరీపై అటువంటి విమర్శకుడు రాసినది చదవండి. ఆయన తీర్పు మీకు నచ్చకపోయినా, మీరు గమనించనిది ఒక్కటైనా చూపించి ఉంటే ఆయన్ను వదులుకోకండి. ఒక నెల తోడి రాగం ఒక్కటే తీసుకొని, ముందు గాత్రంలో, తరువాత నాదస్వరంలో విని, ఆ పైననే సమీక్ష తెరవండి.