జనవరిలోనే టీమ్‌ని వదిలేయకు

చిన్నా,

శనివారం మీ ఎన్.సి. స్టేట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ మ్యాచ్ ఓడిపోయాక నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "ఈ టీమ్ ఇంక ఇంతే మావయ్యా, మార్చి దాకా చూడటం దండగ" అన్నావు. నువ్వు నార్త్ కరోలినాలోని రాలీకి చదువుకోడానికి వచ్చాక ఇదే మొదటి సీజన్. నేను పక్కనే కేరీలో ఇల్లు కొనుక్కున్నప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల కాలేజీల ఆట చూస్తూనే ఉన్నాను. ఫోన్‌లో చెబితే ఒక చెవితో విని వదిలేస్తావని రాస్తున్నా.

ముందు సీజన్ ఎలా నడుస్తుందో పట్టుకో. నవంబర్, డిసెంబర్‌లలో చాలా మ్యాచ్‌లు సొంత అరీనాలో, తమకంటే చిన్న టీమ్‌లతో ఉంటాయి. గెలుపులు చకచకా వచ్చేస్తాయి. జనవరిలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, అంటే మన లీగ్ ఏసీసీలోని కాలేజీలతో ఆడేవి, ఊపందుకోగానే ఎదుట డ్యూక్, నార్త్ కరోలినా యూనివర్సిటీల లాంటివాళ్ళు నిలబడతారు, అదీ సగంసార్లు వాళ్ళ ఊళ్ళో. పైగా ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్ళు కాలేజీ మారే పద్ధతి) వల్ల చాలా టీమ్‌లలో ఏటా సగం మంది కొత్తవాళ్ళే. జూన్‌లో కలిసిన కుర్రాళ్ళు జనవరికల్లా కళ్ళు మూసుకుని పాస్ ఇచ్చుకోవాలంటే ఎలా?

అందుకే ఈ నెలంతా స్కోరు బోర్డు కాకుండా ఆట చూడు. బంతి లేని చోట చూడు. ఒక్కటి చెబుతాను, వచ్చే మ్యాచ్‌లో గమనించు. ఎదుటి పాయింట్ గార్డ్, అంటే బంతి నడిపే ఆటగాడి కోసం వాళ్ళ పొడుగాయన వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే మనవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. అప్పుడు మన ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) సెంటర్, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు కుర్రాడు, ఏం చేస్తున్నాడు? నవంబర్‌లో అయితే అలాంటి కుర్రాడు బంతి వెంట మరీ ముందుకు పరిగెత్తేస్తాడు, వెనక ఖాళీ అవుతుంది, ఒక్క పాస్‌తో రెండు పాయింట్లు పోతాయి. జనవరిలో ఒక్క అడుగే ముందుకేసి, చేతులు చాపి, గార్డ్‌ని ఒక్క క్షణం ఆపి, మళ్ళీ తన మనిషి దగ్గరికి వచ్చేస్తే చాలు. ఆ మ్యాచ్ పది పాయింట్లతో ఓడినా సరే, ఆ కుర్రాడు నేర్చుకుంటున్నాడు. టర్నోవర్లు (బంతి ఎదుటివాళ్ళకి పోగొట్టుకోవడాలు) తగ్గుతున్నాయా, ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరు కోర్టులో ఉంటున్నారు అన్నది కూడా చూడు. అయితే ఫిబ్రవరి సగమయ్యేసరికి కూడా అవే తప్పులు అలాగే ఉంటే అప్పుడు నువ్వు కోప్పడొచ్చు, నేనూ కోప్పడతాను.

ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న డ్యూక్ సంగతి చూడు. కోచ్ షషెఫ్‌స్కీ 1980లో వచ్చాడు. రెండో ఏడాది 10 గెలిచి 17 ఓడారు, మూడో ఏడాది 11 గెలిచి 17 ఓడారు. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తయ్యారు. ఆయన్ని పంపించేయమని డబ్బున్న అభిమానులు గోల చేశారు. అథ్లెటిక్ డైరెక్టర్ (కాలేజీ క్రీడా విభాగం అధిపతి) టామ్ బటర్స్ మాత్రం కదల్లేదు. ఆ 11-17 టీమ్‌లో జానీ డాకిన్స్, మార్క్ అలారీ, జే బైలస్ అందరూ ఫ్రెష్‌మన్లే. వాళ్ళే సీనియర్లయ్యాక 1986లో జాతీయ టోర్నమెంట్ ఫైనల్ దాకా వెళ్ళారు. తర్వాత షషెఫ్‌స్కీ ఐదు జాతీయ టైటిళ్ళు కొట్టాడు. ఆ తిట్టినవాళ్ళు ఆ టైటిళ్ళకీ ఎగిరి గంతేసే ఉంటారు.

ఇక మీ ఎన్.సి. స్టేట్ 2024 కథ నీకు తెలిసే ఉంటుంది. రెగ్యులర్ సీజన్ ఆఖరి నాలుగు మ్యాచ్‌లూ ఓడి, 17-14తో ఏసీసీ టోర్నమెంట్‌కి వెళ్ళారు. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచారు. సెమీస్‌లో వర్జీనియా మూడు పాయింట్లు ముందుండగా, టైమ్ అయిపోతుంటే మైకేల్ ఓకానల్ విసిరిన బంతి బోర్డుకి తగిలి లోపల పడింది, ఓవర్‌టైమ్‌లో గెలిచారు. 1987 తర్వాత అదే మొదటి ఏసీసీ టైటిల్. అక్కణ్ణుంచి జాతీయ టోర్నమెంట్‌లో ఫైనల్ ఫోర్ (ఆఖరి నాలుగు టీమ్‌ల దశ) దాకా వెళ్ళారు. కానీ మరుసటి సీజన్ 12-19, కోచ్ ఉద్యోగమే పోయింది. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకో. ఓపిక పడితే కప్పు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పిల్లలు ఎదుగుతుంటే చూడటం నీకు ఇష్టమైతేనే ఈ నాలుగు నెలలూ నీవి అవుతాయి.

ఒక విషయం గట్టిగా చెబుతున్నా. 2024 మార్చి నుంచి నార్త్ కరోలినాలో ఫోన్‌లోనే బెట్టింగ్ వచ్చేసింది. మన టీమ్ మీద ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు. డబ్బు పెట్టిన క్షణం నుంచీ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఫ్రీ త్రో మిస్సయితే నీకు మనిషి కనిపించడు, పోయిన డబ్బు కనిపిస్తుంది. అలాంటివాళ్ళే రాత్రికి రాత్రి ఆ పిల్లల ఇన్‌స్టాలోకి వెళ్ళి అమ్మానాన్నల్ని కలిపి తిడుతున్నారు. నీ రూమ్మేట్ అలా చేస్తుంటే ఆపు. ఆ కుర్రాళ్ళు రేపు నీ పక్క బిల్డింగ్‌లో క్లాసుకి వస్తారు.

ఓడిన రాత్రి గ్రూపులో ఏమీ రాయకు. పడుకుని లేచాక హైలైట్స్ కాదు, రెండో హాఫ్ మొత్తం ఒకసారి చూసి అప్పుడు మాట్లాడు.

బుధవారం మ్యాచ్‌కి నాకూ ఒక టికెట్ తీసుకో, పై వరసలో అయినా పర్లేదు, డిఫెన్స్ అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది. అత్తయ్య పులిహోర చేస్తానంది, ముందు ఇంటికొచ్చి తినేసి ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మావయ్య