ఇన్సూరెన్స్ డబ్బు వచ్చేశాక ఆ స్పోర్ట్స్ కారు ఏమవుతుంది?

మీరు అడిగినవి మూడు. చోరీ అయిన స్పోర్ట్స్ కారుకు ఇన్సూరెన్స్ డబ్బు వచ్చేశాక ఆ కారు దొరికితే ఎవరిది? యాక్సిడెంట్‌లో టోటల్ లాస్, అంటే రిపేరు గిట్టుబాటు కాదని తేల్చిన కారును ఏం చేస్తారు? అలాంటిది సగం ధరకు వస్తే కొనొచ్చా? నేను కొన్నేళ్లు మోటార్ క్లెయిమ్స్‌లో సర్వేయర్‌గా పనిచేశాను. ఇలాంటి కార్లు రోజూ వచ్చేవి కావు గానీ, వచ్చిన రోజు ఆఫీసులో సగం మంది ఏదో ఒక వంక పెట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చేవాళ్లు.

మొదటిదానికి జవాబు చిన్నదే. పూర్తి విలువ చెల్లించాక కారు కంపెనీది. క్లెయిమ్ సెటిల్ చేసేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఆ మాట రాసే ఉంటుంది. చూపంతా చెక్కు మీదే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చదవరు. కారు లేకపోయినా తాళాలన్నీ, రిజిస్ట్రేషన్ కాగితాలూ ఇవ్వమనేది అందుకే. ఆ తర్వాత ఎన్నేళ్లకు దొరికినా అది కంపెనీ సొత్తే. డబ్బు చేతికి రాకముందే దొరికితే మాత్రం మామూలుగా యజమానికే తిరిగి ఇస్తారు. చోరీ క్లెయిముల్లో వారాల తరబడి ఆపుతారని అందరూ తిట్టుకుంటారు కదా, ఆ ఆలస్యానికి ఒక కారణం ఇది కూడా.

అమెరికాలో జరిగిన రెండు కేసులు చెబితే తేడా తెలుస్తుంది. 1969 జనవరిలో న్యూయార్క్‌లో ఒకతని కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు చోరీకి గురైంది. చోరీకి ఇన్సూరెన్స్ కట్టే స్తోమత లేక అతను కట్టలేదు, పైసా రాలేదు. 2005 చివర్లో ఆ కారును స్వీడన్‌కు ఓడలో పంపబోతుంటే కాలిఫోర్నియాలో కస్టమ్స్ వాళ్ల తనిఖీలో దాని నంబర్ బయటపడింది. దాదాపు 37 ఏళ్ల తర్వాత కారు నేరుగా అతని దగ్గరికే వచ్చింది. ఇన్సూరెన్స్ లేకపోవడమే అక్కడ కలిసొచ్చింది.

రెండోది ఫెరారీ ఎఫ్50. మొత్తం తయారైనవే 349. 2003లో పెన్సిల్వేనియాలో ఒకడు కొనేవాడిలా వచ్చి, టెస్ట్ డ్రైవ్ అని చెప్పి అటే పోయాడు. ఇన్సూరెన్స్ కంపెనీ డీలర్‌కు డబ్బు కట్టింది. 2008లో కారు కెంటకీలో దొరికింది. కాబట్టి అది కంపెనీది, కానీ కేసు నడుస్తోందని ఎఫ్‌బీఐ తన దగ్గరే ఉంచుకుంది. 2009 మేలో ఒక ఏజెంట్ దాన్ని నడుపుతూ అదుపు తప్పి చెట్టుకు గుద్దేశాడు. కంపెనీ 7,50,000 డాలర్లకు దావా వేస్తే, ప్రభుత్వ స్వాధీనంలో ఉండగా జరిగిన నష్టానికి దావా చెల్లదని కోర్టు కొట్టేసింది. క్లెయిమ్స్‌లో పనిచేసినవాళ్లకు ఈ కథ చెబితే నవ్వరు.

ఇక టోటల్ లాస్. కారు ఎంత నుజ్జయిందన్నది కాదు ఇక్కడ లెక్క. రిపేరు ఖర్చు కారు విలువలో ఎంత శాతం అన్నదే. అమెరికాలో ఈ హద్దు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో 75 శాతం, టెక్సాస్‌లో 100 శాతం. అందుకే చూడ్డానికి ఏమీ కానట్టున్న కారు టోటల్ లాస్ అవుతుంది, రెండు ముక్కలైనట్టున్నది రిపేరుకు వెళ్తుంది. మిస్టర్ బీన్‌గా తెలిసిన నటుడు రోవాన్ అట్కిన్సన్ మెక్‌లారెన్ ఎఫ్1 సంగతే చూడండి. 1997లో 6,40,000 పౌండ్లకు కొన్నాడు. 2011లో చెట్టుకు, స్తంభానికి గుద్దుకుని మంటలంటుకుంది. ఇన్సూరెన్స్ కంపెనీ 9,10,000 పౌండ్లు పెట్టి బాగుచేయించింది. కొన్న ధర కంటే రిపేరే ఎక్కువ! కానీ అప్పటికి ఆ కారు విలువ దానికి ఎన్నో రెట్లు, కాబట్టి కంపెనీకి అదే చవక. 2015లో అది సుమారు 80 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది.

కొత్త మోడళ్లలో ఎక్కువగా దెబ్బతీసేది కార్బన్ ఫైబర్ టబ్. లంబోర్గిని అవెంటడార్, మెక్‌లారెన్ లాంటి వాటిలో మనిషి కూర్చునే భాగమంతా కార్బన్ ఫైబర్‌తో ఒకే పెట్టెలా ఉంటుంది. ఇనుప రేకు వంగితే కంటికి కనిపిస్తుంది. కార్బన్ అలా కాదు. పైన గీత కూడా లేకుండా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. నేను చూసిన ఒక కారుకు పక్క డోరు కింద బొటనవేలంత మచ్చ, అంతే. యజమాని పెయింట్ వేయిస్తే చాలనుకున్నాడు. నిపుణుడు స్కానింగ్ యంత్రంతో వచ్చి చూసి వెళ్లాక లక్షల్లో అనుకున్న బిల్లు మొత్తం కారునే మింగేసింది. లంబోర్గిని అయితే ఇలాంటి పరీక్షలకూ రిపేర్లకూ విమానం ఎక్కి వెళ్లే ప్రత్యేక బృందాన్నే పెట్టుకుంది, వాళ్లను ఫ్లయింగ్ డాక్టర్లంటారు. ఇక ఎయిర్‌బ్యాగులన్నీ పేలి, సిరామిక్ బ్రేకులు, హెడ్‌లైట్లు పోతే టబ్ బాగున్నా లెక్క దాటిపోతుంది.

టోటల్ లాస్ అయిన కారును యజమానే ఉంచుకోవచ్చు. అప్పుడు సాల్వేజ్ విలువ, అంటే తుక్కుగా ఎంత పలుకుతుందో అంత, తగ్గించి మిగతాది ఇస్తారు. ప్రేమ కొద్దీ ఇలా ఉంచుకుని, ఏళ్ల తరబడి షెడ్డులో కవరు కప్పి పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. లేదంటే కారు వేలానికి వెళ్తుంది. అమెరికాలో ఈ వ్యాపారంలో పెద్దవి కోపార్ట్, ఐఏఏ. వేలం ఆన్‌లైన్‌లోనే, కొనేవాడు ఏ దేశంలోనైనా ఉండొచ్చు. జార్జియా దేశంలోని రుస్తావి కార్ల మార్కెట్ నిండా అమెరికాలో టోటల్ లాస్ అయి, అక్కడ బాగుపడినవే. 2022లో ఇయాన్ తుఫాన్‌కు ఫ్లోరిడాలో గ్యారేజీ లోంచి కొట్టుకుపోయిన పసుపు మెక్‌లారెన్ పి1 ఫొటో మీరూ చూసే ఉంటారు. అదీ వేలంలోనే అమ్ముడుపోయింది. కొన్న యూట్యూబర్ దాన్ని బోల్టు బోల్టు విప్పి వీడియోలు తీశాడు.

నిజానికి ఇలా దెబ్బతిన్న స్పోర్ట్స్ కార్లు చాలావరకు మొత్తంగా కంటే ముక్కలుగానే ఎక్కువ పలుకుతాయి. ఇంజిన్, గేర్‌బాక్స్, సీట్లు, చక్రాలు, స్టీరింగ్, అన్నిటికీ కొనేవాళ్లున్నారు. డ్రిఫ్ట్ రేసర్ ర్యాన్ ట్యూర్క్ నుజ్జయిన ఫెరారీ 458 ఇంజిన్ తెచ్చి తన టయోటాలో పెట్టాడు. బానెట్‌లో పట్టకపోతే ముందుభాగం కోసేసి మరీ పెట్టాడు.

బ్రిటన్‌లో 2017 అక్టోబర్ నుంచి టోటల్ లాస్ కార్లకు ఏ, బి, ఎస్, ఎన్ అని నాలుగు తరగతులున్నాయి. ఏ అయితే బోల్టు కూడా వాడకూడదు, మొత్తం నలగ్గొట్టాలి. బి అయితే భాగాలు అమ్ముకోవచ్చు, బాడీ మాత్రం నలగ్గొట్టాల్సిందే. ఎస్ అంటే కారు నిర్మాణం దెబ్బతింది, ఎన్ అంటే దెబ్బతినలేదు. ఈ రెండూ బాగుచేసి రోడ్డెక్కించొచ్చు, ఆ ముద్ర మాత్రం రికార్డులో ఉండిపోతుంది. మరి ఎందుకూ పనికిరాని బాడీని నలగ్గొట్టాలని అంత పట్టుదల ఎందుకు?

మీరు వేర్వేరుగా అడిగిన రెండు ప్రశ్నలూ ఒకటయ్యేది ఇక్కడే. చోరీ కారుకు ఒళ్లు బాగుంటుంది, కాగితాలుండవు. తుక్కు కారుకు కాగితాలుంటాయి, ఒళ్లుండదు. అదే మోడల్, అదే రంగు తుక్కు కారును వేలంలో చట్టబద్ధంగా కొని, దాని ఛాసిస్ నంబర్ ప్లేటు తీసి చోరీ కారుకు తగిలిస్తే? రికార్డుల్లో "బాగా రిపేరు చేసిన కారు" పుడుతుంది. అసలైన తుక్కు ఎక్కడో మాయమవుతుంది. మామూలు కార్లలోనూ ఇది ఉంది గానీ, స్పోర్ట్స్ కారులో ఒక్క ప్లేటు మార్చితే వచ్చే లాభం ఎక్కువ. వేలంలో రిపేరుకు ఏమాత్రం పనికిరాని తుక్కు కోసం ఇద్దరు ఎగబడి ధర పెంచుతుంటే మా సీనియర్ ఒకాయన, "వాళ్లు కొనేది కారు కాదు, నంబరు" అనేవాడు. అమెరికాలో ఇంకో దారి ఉంది. సాల్వేజ్ ముద్ర పడిన కారును నిబంధనలు వదులుగా ఉన్న వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి ముద్ర చెరిపేస్తారు. దీన్ని అడ్డుకోవడానికే 1992 చట్టంతో రాష్ట్రాలన్నిటి రికార్డులనూ కలిపే వ్యవస్థకు శ్రీకారం చుట్టారు.

ప్లేటు మార్చకుండా దాటించేసినవీ ఉన్నాయి. ఫార్ములా వన్ డ్రైవర్ గెర్హార్డ్ బెర్గర్ ఫెరారీ ఎఫ్512ఎం 1995లో ఇటలీలోని ఇమోలా రేసు సమయంలో చోరీ అయింది. కొన్నాళ్లకే జపాన్ చేరి, అక్కడే ఉండి, 2023 చివర్లో బ్రిటన్‌కు వచ్చింది. అమెరికాలో ఒకాయన కొనబోతూ ఫెరారీ కంపెనీతో తనిఖీ చేయించడంతో బయటపడింది. దాదాపు మూడు దశాబ్దాలు ఎవరూ ఆ నంబర్ అడగలేదన్నమాట.

యజమానులే చోరీ చేయించుకునే కేసులూ తక్కువేం కాదు. లాస్ ఏంజలెస్‌లో 1974 నాటి ఒక డినో 246, అదీ ఫెరారీ తయారీయే, ఇలాగే పోయింది, కంపెనీ 22,500 డాలర్లు కట్టింది. 1978లో ఒక ఇంటి పెరట్లో తవ్వితే బయటికొచ్చింది! పురుగులు దూరకుండా గుడ్డలు కుక్కి మరీ పాతిపెట్టారు. కంపెనీ దాన్ని అమ్మేసింది. తర్వాత బాగుపడి, "డగ్ అప్" (తవ్వి తీసింది) అనే నంబర్ ప్లేటుతో తిరిగింది. చోరీ క్లెయిములో మేం ముందు చూసేది తాళాన్నే. కొన్ని కంపెనీల తాళాల్లో చివరిసారి బండి ఎప్పుడు స్టార్టయిందో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాచి ఉంటుంది. చెప్పిన కథకూ దానికీ పొంతన కుదరకపోతే అక్కడే ఫైలు ఇన్వెస్టిగేటర్‌కు వెళ్లేది.

కొనొచ్చా అంటే, కొనొచ్చు, కొన్ని షరతులతో. నిర్మాణం దెబ్బతినకుండా ఖర్చు లెక్కల్లో మాత్రమే టోటల్ లాస్ అయినవి మంచి బేరాలే. వేలంలో తీసిన పాత ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, అమ్మేవాడు చెప్పే "చిన్న దెబ్బ"ను వాటితో పోల్చండి. ఛాసిస్ నంబర్ ఒక్క చోట చూసి వదలొద్దు. బాడీ మీద, అద్దం కింద, ఇంజిన్ కంప్యూటర్‌లో, అన్నిచోట్లా ఒకటేనా చూడాలి. కంప్యూటర్‌లో నంబర్ మార్చడం మర్చిపోయి దొరికిపోయినవాళ్లున్నారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ నంబర్ ఇచ్చి చరిత్ర అడగండి. కొనకముందే మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఈ ముద్ర ఉన్న కారుకు ఎంత విలువకు పాలసీ ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మామూలుగా విలువ తక్కువ కడతారు, లేదా అసలు పాలసీయే ఇవ్వరు. చోరీ సొత్తు అని తేలితే బ్రిటన్, అమెరికా లాంటి చోట్ల తెలియక కొన్నా మీకు హక్కు రాదు, కారు పోతుంది, డబ్బు కోసం అమ్మినవాడి వెంట మీరే తిరగాలి. కార్బన్ టబ్‌కు రిపేరు జరిగి ఉంటే ఎవరు చేశారో కాగితం లేకుండా ముట్టుకోవద్దు. వరదలో మునిగినదైతే, ముఖ్యంగా ఉప్పునీటిలో మునిగినదైతే, ఎంత చవగ్గా వచ్చినా నేను కొనను. వైరింగ్ లోపల తుప్పు ఏడాదికో రెండేళ్లకో మొదలవుతుంది, అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.