క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న ట్రేడ్లు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ట్రేడ్ గడువు, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి రోజు, దగ్గరపడినప్పుడు అభిమానులు వారాల తరబడి చేసే చర్చల్లో నిజమయ్యేవి ఎన్ని, అసలు వాటివల్ల ప్రయోజనం ఏమైనా ఉందా అని మీరు అడిగారు. నిజమయ్యేవి వందకు రెండో మూడో ఉంటాయి. ఇది ఎక్కడో లెక్కగట్టి చెబుతున్నది కాదు. పదిహేనేళ్లుగా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాపురముంటూ, ఏటా జనవరి నెలంతా ఈ చర్చల్లో గొంతు చించుకుని, ఫిబ్రవరి రాగానే నోరు మూసుకున్న అనుభవంతో చెబుతున్నది. ప్రయోజనం సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. దానికి 2025 ఫిబ్రవరి 1 రాత్రి మా ఇంట్లో జరిగినది చెప్పాలి.

ఫ్రిస్కోలో ఉండే మా బావమరిదికి ఈ విషయంలో తనంతటివాడు లేడని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఒక్కటే. 2024లో గడువుకు ముందు, మన జట్టు డాలస్ మావెరిక్స్‌కు రింగు దగ్గర ఎగిరి బంతి అందుకునే సెంటర్ ఒకడు కావాలని, వాషింగ్టన్ నుంచి డేనియల్ గ్యాఫర్డ్‌ను తెస్తే సరిపోతుందని అతను పదేపదే అన్నాడు. అన్నట్టే గ్యాఫర్డ్ వచ్చాడు, అదే రోజు షార్లెట్ నుంచి పీజే వాషింగ్టన్ కూడా వచ్చాడు, ఆ ఏడాది డాలస్ ఫైనల్స్ దాకా వెళ్లి బోస్టన్ చేతిలో 4-1తో ఓడింది. ఆ ఒక్క జోస్యం ఫలించిన నాటి నుంచి మా ఇంట్లో పండగలకు కూడా అతనికి అగ్రతాంబూలమే. అంతకు ముందు అతను చెప్పి తప్పిన ముప్పై పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ఆ శనివారం వాళ్లు భోజనానికి వచ్చారు. ఇండియన్ కిరాణా కొట్టువాళ్లు ఏటా ఇచ్చే తెలుగు క్యాలెండర్‌లో జనవరి కాగితాన్ని ఆ ఉదయమే చింపాం. వెనక వైపు తెల్లగా ఉందని మా బావమరిది దాన్ని భోజనాల బల్ల మీద పరచి, మూలలు ముడుచుకోకుండా ఒక పక్క పెరుగు గిన్నె, ఇంకో పక్క ఆవకాయ జాడీ పెట్టి, ఆటగాళ్ల జీతాలు రాయడం మొదలుపెట్టాడు. ముందు వైపు అచ్చువేసిన తిథుల గళ్లు వెనక నుంచి లీలగా కనబడుతుంటే, అతను ఒక్కో గడిలో ఒక్కో సెంటర్ పేరు రాసుకుంటూ పోయాడు.

మాకు ఆ రోజు కావలసింది సెంటరే. మా జట్టుకు ప్రాణంలాంటి లూకా డాన్చిచ్ క్రిస్మస్ నాటి ఆటలో పిక్క పట్టేసి బయట కూర్చున్నాడు. డెరెక్ లైవ్లీకి చీలమండలో పగులు, మ్యాక్సీ క్లీబర్‌కు పాదంలో ఎముక విరిగింది. గడువు ఫిబ్రవరి 6, మా సమయం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలు. ఉన్నదేమో అయిదు రోజులు, చేతులేమో నియమాలతో కట్టేసి ఉన్నాయి. క్లే థాంప్సన్‌ను 2024 వేసవిలో సైన్-అండ్-ట్రేడ్ పద్ధతిలో, అంటే పాత జట్టు చేత కొత్త ఒప్పందం రాయించి ట్రేడ్‌లో, తెచ్చుకున్నందువల్ల ఆ సీజనంతా మా జట్టు మొదటి ఏప్రన్ అనే గీతను, అంటే సుమారు 17.8 కోట్ల డాలర్ల జీతాల మొత్తాన్ని దాటడానికి వీల్లేదు. ఇక డ్రాఫ్ట్ పిక్కుల, అంటే ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతుల, సంగతి చూస్తే, 2027 ఫస్ట్ రౌండ్ పిక్ షార్లెట్‌కు, 2029ది బ్రూక్లిన్‌కు అప్పటికే ఇచ్చేశాం. రాబోయే ఏళ్లలో వరుసగా రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్కులు లేకుండా చేసుకోకూడదన్న స్టెపియన్ నియమం ఒకటుంది కనుక 2026, 2028, 2030లను ముట్టుకోలేం. మిగిలినవి 2025, 2031. ఆ నియమానికి పేరిచ్చిన టెడ్ స్టెపియన్ 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమానిగా తన పిక్కులను పప్పుబెల్లాల్లా పంచిపెట్టాడు. జనాన్ని వాళ్ల తెలివితక్కువతనం నుంచే కాపాడటానికి ఒక నియమం రాయవలసి వచ్చిందని మా బావమరిది ఏటా ఈ కథ చెప్పి నవ్వుతాడు, మేమూ ఏటా కొత్తగా విన్నట్టు నవ్వుతాం.

అప్పటికి పన్నెండేళ్ల మా అబ్బాయి పక్కనే ల్యాప్‌టాప్‌లో ట్రేడ్ మెషీన్ తెరచి కూర్చున్నాడు. రెండు జట్ల నుంచి పేర్లు ఎంచుకుంటే అటూ ఇటూ మారే జీతాలు సరితూగాయో లేదో అది చెబుతుంది. వాడికి శాతాల లెక్కలు బడిలో కంటే ముందు అక్కడే వచ్చాయి. ఆడుతూ ఆడుతూ వాడు లూకా పేరు మీద నొక్కాడు. మా బావమరిది చప్పున వాడి చెయ్యి పక్కకు తీసి, "అశుభం పలకకురా" అన్నాడు. "నేనేమీ పలకలేదు మామయ్యా, నొక్కాను" అని వాడు నవ్వి, పది గంటలకు వెళ్లి పడుకున్నాడు. మా ఆవిడ బల్ల తుడవడానికి వచ్చి, "మీరిద్దరూ తెల్లవార్లూ మొత్తుకున్నా వాళ్లు ఫోన్ చేసేది మీకు కాదు, ఆ పెరుగు ఫ్రిజ్‌లో పెట్టండి" అంది.

రాత్రి 11 దాటిన కాసేపటికి మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. లూకా లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు, అక్కడి ఆంథొనీ డేవిస్ డాలస్‌కు అని ఎన్‌బీఏ వార్తల విలేకరి షామ్స్ చరానియా రాశాడు. ఎవరో అతని ఖాతాను హ్యాక్ చేశారని మా బావమరిది తేల్చేశాడు. అమెరికాలో సగం మంది ఆ నిమిషంలో అదే అనుకున్నారు. చివరికి ఇది నిజమేనని చరానియా మళ్లీ రాయవలసి వచ్చింది. ఆ తరువాత మా బావమరిది చేసిన పని నేను మరచిపోలేను. ఒక్క మాటా మాట్లాడకుండా కాగితం మీద మిగిలిన ఖాళీ గడిలో లూకా జీతం, దాని కింద డేవిస్ జీతం రాసి చూశాడు. రెండూ సుమారు 4.3 కోట్ల డాలర్లు. మూడు గంటలు కూర్చుని ఒక్క సెంటర్‌కు కూడా సరిగా కుదర్చలేని లెక్క అక్కడ అతికినట్టు కుదిరింది. విరిగిన తలుపు బాగుచేయించుకుందామని మేం కొలతలు తీసుకుంటుంటే, ఎవరో వచ్చి ఇంటి దూలం ఊడదీసుకుని పోయారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. చర్చలు నిజమవుతాయా లేదా అన్నది చూడవలసిన విషయమే కాదని నేను అంటాను. వాటి విలువ ధర కట్టడంలో ఉంది. ఒక ఆటగాడి పేరు పదిమంది నోళ్లలో నానితే అతనికి మార్కెట్‌లో ఎంత పలుకుతుందో తెలుస్తుంది. 2022లో రూడీ గోబేర్ కోసం మిన్నెసోటా నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్కులు ఇచ్చింది. 2024లో మికాల్ బ్రిడ్జెస్ కోసం న్యూయార్క్ అయిదు ఇచ్చింది. ఇరవై అయిదేళ్ల వయసులో, ఏడు నెలల కిందటే జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లిన లూకాను ఇచ్చి డాలస్ తెచ్చుకున్నది డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒకే ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్. మా భోజనాల బల్ల దగ్గర ఎవరైనా ఈ ప్రతిపాదన చేసి ఉంటే మజ్జిగ కూడా పోయకుండా పంపించేవాళ్లం. జనవరి 7న డాలస్‌లో మా జనరల్ మేనేజర్ నికో హ్యారిసన్, లేకర్స్ జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా కాఫీ తాగుతూ మొదలుపెట్టిన మాటలు గడువుకు ఇంకా అయిదు రోజులుండగానే గుట్టుగా ముగిశాయి. వంకాయలు కొనేటప్పుడైనా నాలుగు బళ్ల దగ్గర బేరమాడతాం కదా. బయటికి పొక్కితే గొడవవుతుందని చర్చను ఆపుకున్నవారు, ఆ గొడవలోనే సరైన ధర దొరుకుతుందన్న సంగతి మరచిపోయారని నా గట్టి నమ్మకం.

ఇది వ్యాపారం, భావోద్వేగాలకు చోటు లేదని ఉపదేశించే వర్గం ఒకటుంది. నాకు వారితోనే పేచీ. ఆ వేసవిలో లూకాకు అయిదేళ్లకు సుమారు 34.5 కోట్ల డాలర్ల సూపర్‌మ్యాక్స్ ఒప్పందం ఇవ్వవలసి వచ్చేదని, అది తప్పించుకోవడం తెలివైన పనేనని నాకు వివరించినవాడు నెల నెలా ఇంటి వాయిదా కట్టుకునే నాలాంటి ఉద్యోగస్థుడే. యజమాని డబ్బు మిగిలితే తనకేదో భాగం వస్తుందన్నట్టు మాట్లాడాడు. మిగిలిన డబ్బుతో వాళ్లు మా టికెట్ ధర ఒక్క డాలరైనా తగ్గించారా అని అడిగితే జవాబు లేదు.

ఇండియాలోని మిత్రులది మరొక తీరు. హార్దిక్ పాండ్యా 2023లో గుజరాత్ నుంచి ముంబైకి తిరిగి వెళ్లలేదా, దీనికింత ఏడుపెందుకు అని వాళ్లు ఫోన్లో ఓదార్చారు. ఐపీఎల్ ట్రేడ్‌కు ఆటగాడి అంగీకారం ఉండాలి. ఎన్‌బీఏలో అక్కర్లేదు. ఒప్పందంలో నో-ట్రేడ్ నిబంధన రాయించుకోవాలంటే లీగ్‌లో ఎనిమిదేళ్లు, అదే జట్టులో నాలుగేళ్లు ఆడి ఉండాలి; లూకాకు అది ఏడో సీజన్. అప్పుడు లేకర్స్‌లో ఉన్న లెబ్రాన్ జేమ్స్‌కు ఆ నిబంధన ఉండేది కాబట్టి తన పేరు తనకు తెలియకుండా కదిలేది కాదు. లూకాకు లేదు కాబట్టి మాతో పాటే తెలిసింది.

మర్నాడు ఉదయం అబ్బాయికి నేనే చెప్పాను. వాడు ఏడవలేదు, ముందు నన్ను నమ్మలేదు. తరువాత, ఇస్త్రీ చేయవలసిన బట్టల్లో నుంచి 77 అంకె ఉన్న జెర్సీ లాగి తొడుక్కుని, అరీనా దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఆరెంజ్ లైన్ రైలెక్కి విక్టరీ స్టేషన్‌లో దిగాం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ బయట డర్క్ నొవిట్స్కీ విగ్రహం ఉంది. ఒంటికాలు మీద వెనక్కి వాలి బంతి వేస్తున్న ఆ భంగిమ కింద పీఠం మీద, విధేయత ఎన్నటికీ వాడిపోదన్న అర్థం వచ్చే వాక్యం చెక్కారు. 1998 డ్రాఫ్ట్ రాత్రి మిల్వాకీతో చేసుకున్న ట్రేడ్‌లో వచ్చినవాడే డర్క్. ఇక్కడే 21 సీజన్లు ఆడి, 2011లో కప్పు తెచ్చిపెట్టాడు. నేను ఈ ఆటకు అంటుకుపోయింది ఆ ఏడాదే. లూకా కూడా 2018 డ్రాఫ్ట్ రాత్రి అట్లాంటాతో ట్రే యంగ్‌ను మార్చుకుని తెచ్చుకున్నవాడే. అంటే మేం ట్రేడ్లకు వ్యతిరేకులం కాము, మా సంపదంతా ట్రేడ్లలో వచ్చినదే. ఆ ఉదయం ఆ విగ్రహం ముందు పూలు, జెర్సీలు, ఎవరో తెచ్చి పెట్టిన ఉత్తుత్తి శవపేటిక ఉన్నాయి. మా వాడు చాలాసేపు ఆ పేటికను చూసి, "నాన్నా, వాళ్లు ఎవరు చచ్చిపోయారని పెట్టారు, లూకానా, మనమా?" అని అడిగాడు. నేను రైలు వేళ చూస్తున్నట్టు నటించాను. అదే రోజు క్లీవ్‌లాండ్‌లో జట్టు 144-101తో చిత్తయింది, మేం టీవీ పెట్టలేదు.

ఏప్రిల్ 9న లూకా లేకర్స్ తరఫున తిరిగి వచ్చిన ఆటకు వెళ్దామని చూస్తే, టికెట్లు మళ్లీ అమ్మే ఒక యాప్‌లో పై వరస సీటుకు అడిగిన ధరతో మా నలుగురికీ నెల కిరాణా వచ్చేది. ధర కాదు, చివరి మెట్టులో కలిపే సేవా రుసుమే నాకు ఎక్కువ మంట పుట్టించింది. సీటు చూపించినప్పుడు ఒక అంకె, కార్డు పెట్టాక ఇంకో అంకె. ఇంట్లోనే చూశాం. అతని కోసం వేసిన వీడియో చూసి లూకా బెంచీ మీద కళ్లు తుడుచుకుని, తరువాత 45 పాయింట్లు కొట్టాడు. మా ఆవిడ జీవితంలో మొదటిసారి అవతలి జట్టు బుట్టకు చప్పట్లు కొట్టింది.

మిగతాది అందరికీ తెలిసిందే. డేవిస్ మొదటి ఆటలోనే గాయపడ్డాడు, మార్చిలో కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది, జట్టు 39-43తో సీజన్ ముగించింది. నవంబర్ 11న హ్యారిసన్‌ను తీసేశారు. గాయాలను ఎవరూ ముందుగా చూడలేరని నాకు చెప్పకండి. డేవిస్ గాయాల చరిత్ర మా బావమరిది కాగితం మీద కూడా ఉంది. మధ్యలో దేవుడు ఒక పరాచికం ఆడాడు. 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న డాలస్‌కు, డ్రాఫ్ట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే లాటరీలో మొదటి పిక్ తగిలి కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. దీన్ని కూడా ముందుచూపు ఖాతాలో వేసేవాళ్లున్నారు, వారితో నేను వాదించడం మానేశాను.

2026లో గడువు ఫిబ్రవరి 5. ఆ జనవరిలో ఒక శనివారం మా బావమరిది వచ్చీ రాగానే, "బావా, క్యాలెండర్ చింపారా?" అని అడిగాడు. నెల ఇంకా అయిపోలేదని ఒక పాత కవరు ఇచ్చాను. అతను డేవిస్ జీతం రాసుకుంటుండగా మా అబ్బాయి ట్రేడ్ మెషీన్ తెరచి, నింపాదిగా ఫ్లాగ్ పేరు మీద నొక్కాడు. మా బావమరిది చెయ్యి చాపి, మధ్యలోనే ఆపుకున్నాడు.

"కానివ్వురా," అన్నాడు. "ఎంత పలుకుతాడో చూద్దాం."