మాత్ర వల్ల వచ్చిందా, ఆటోఇమ్యూన్ జబ్బా?

ప్రశ్న: నా వయసు 52. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వస్తుంటే, రాకుండా ఉండేందుకు ఏడాదికి పైగా రోజూ రాత్రి నైట్రోఫ్యూరాంటాయిన్ వేసుకున్నాను. రెండు నెలల క్రితం కామెర్లు వచ్చాయి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఏఎల్‌టీ 860. ఏఎన్ఏ (సొంత కణాల మీదికే తిరగబడే యాంటీబాడీలు) పాజిటివ్, ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) ఎక్కువ. ఆ మాత్ర ఆపించి, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (రోగనిరోధక వ్యవస్థే కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు) అని స్టెరాయిడ్ మొదలుపెట్టారు. జీవితాంతం మందులు తప్పవన్నారు. మరో డాక్టరు గారు ఇది మాత్ర వల్లే కావచ్చంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ రెండో డాక్టరు గారి అనుమానాన్ని నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను అచ్చంగా పోలిన కాలేయ వ్యాధిని తెచ్చిపెట్టే మందుల్లో నైట్రోఫ్యూరాంటాయిన్ పేరు ముందు వరసలో ఉంటుంది. మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్, రక్తపోటుకు వాడే మిథైల్‌డోపా, హైడ్రలజీన్, కీళ్లవాతానికి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కూడా ఈ కోవలోవే. నెలలు, ఏళ్లు ఇబ్బంది లేకుండా వాడిన తర్వాత కూడా దెబ్బ తగలవచ్చు. ‘ఇన్నాళ్లూ పడిన మందే కదా’ అని చాలామంది దాని ఊసే ఎత్తరు.

ఏఎన్ఏ, ఐజీజీ ఈ చిక్కును విప్పలేవు. మందు ప్రేరేపించినా రోగనిరోధక వ్యవస్థ కాలేయం మీదే తిరగబడుతుంది కాబట్టి రెండింటిలోనూ అవి పెరుగుతాయి. బయాప్సీలోనూ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రెండింటిలో అవే ప్లాస్మా కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలు, కనిపించవచ్చు. కాలేయంలో మచ్చలు బాగా ముదిరి ఉంటే, ఎప్పటినుంచో ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బును అనుమానిస్తాం. అయితే ఈ మాత్రను దీర్ఘకాలం వాడినవారిలోనూ అలాంటి మచ్చలు ఏర్పడిన సందర్భాలున్నాయి.

తేల్చేది కాలమే. అసలైన ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో స్టెరాయిడ్ పూర్తిగా మానేస్తే ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుంది. మందు వల్ల వచ్చినదైతే, ఆ మందు మళ్లీ ముట్టుకోనంతవరకు సాధారణంగా తిరిగి రాదు. అందుకే రెండో నెలలోనే ‘జీవితాంతం’ అనడం తొందరపాటని నా అభిప్రాయం. స్టెరాయిడ్ ఎముకలను గుల్ల చేస్తుంది, చక్కెరను పెంచుతుంది; మీ వయసులో ఆ భారం చిన్నది కాదు.

అలాగని రేపే మానేయకండి! హఠాత్తుగా ఆపడం ప్రమాదం. ఎంజైములు, ఐజీజీ మామూలు స్థాయికి వచ్చి కొంతకాలం నిలకడగా ఉన్నాక, కాలేయ నిపుణుల పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చునేమో అడగండి. పూర్తిగా ఆపిన తర్వాత కూడా రక్తపరీక్షలు కొన్నేళ్లు కొనసాగాలి. జబ్బు కొందరిలో ఆలస్యంగా బయటపడుతుంది.

ఈలోగా మీరు వాడిన ప్రతి మందూ, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ కాగితం మీద రాసి డాక్టరు గారికి ఇవ్వండి. మూలికల చూర్ణాలు, పసుపు గుళికలు, తిప్పతీగ కషాయం వంటివి ఏవైనా వాడి ఉంటే దాచకండి; అవి కూడా కాలేయాన్ని ఇలాగే దెబ్బతీయగలవు. పొడి దగ్గు, ఆయాసం ఉంటే వెంటనే చెప్పండి, ఎందుకంటే ఈ మాత్ర ఊపిరితిత్తులనూ పాడుచేయగలదు. మూత్ర ఇన్‌ఫెక్షన్ మళ్లీ వస్తే వేరే మందులున్నాయి. ‘నైట్రోఫ్యూరాంటాయిన్ ఇవ్వకూడదు’ అని మీ వైద్య ఫైలు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయించండి.