కింద చుక్క పడకుండా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ దించాలా?

మీరు రాసింది ఇదీ: పొదిలిలో ఉంటారు, 2001 మోడల్ మారుతి జెన్, ఏసీ బండి. పదిహేను రోజులకోసారి దాదాపు లీటరు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే, రేడియేటర్‌లో పోసే ద్రవం) తగ్గుతోంది. రాత్రి బండి పెట్టిన చోట నేల మీద తడి లేదు. మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కీ, దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు, విప్పించాలా అని అడిగారు.

ఇప్పుడే విప్పించకండి. నేను విప్పించి 14,000 రూపాయలు వదిలించుకున్నవాణ్ణి.

మాది కావలి. నాదీ జెనే, 1998 మోడల్, మా మామగారు కొన్నేళ్లు వాడి నాకిచ్చారు. మీకు వచ్చిన కష్టమే నాకూ వచ్చింది. మా మెకానిక్ కూడా అదే మాటన్నాడు. "కింద కారట్లేదంటే ఇంజనే తాగేస్తోంది సార్, హెడ్ దించాల్సిందే." వినడానికి సబబుగానే ఉంది కదా. హెడ్ దించారు, లేత్‌లో ఫేసింగ్ చేయించారు, కొత్త గ్యాస్కెట్ వేశారు, పనిలో పనిగా టైమింగ్ బెల్ట్ కూడా మార్చారు. తొమ్మిదో రోజు పొద్దున రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లు మళ్లీ జానెడు దిగిపోయి ఉన్నాయి. ఆయన్ని అడిగితే ఈసారి రేడియేటర్ మారుద్దామన్నాడు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టడమంటే ఇదే అనుకుని ఇక అటు వెళ్లలేదు.

అసలు సంగతి మే నెలలో ఒంగోలులో పెళ్లికి పోతుంటే బయటపడింది. సింగరాయకొండ దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. హైవే పక్కన టీ కొట్టు దగ్గర బండి ఆపాను. మా ఆవిడ కిందికి దిగి, "ఈ ఏసీ నీళ్లు ఇంకా లోపలే కారుతున్నాయండీ, చెప్పులన్నీ జిగటగా ఉన్నాయి" అంది. రెండు నెలలుగా చెబుతూనే ఉంది. పాత బండ్లలో ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోతే లోపలికి కారడం మామూలేలే అని నేనే కొట్టిపారేశాను. ఏసీ నీళ్లు జిగటగా ఎందుకుంటాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు!

అక్కడే ఆగి ఉన్న లారీ డ్రైవర్ ఒకాయన "పసుపు వేయండి సార్, ఒంగోలు దాకా లాగేస్తుంది" అన్నాడు. టీ కొట్టామె పొట్లం ఇచ్చింది. ముప్పావుగంట ఆగి, పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక మూత తీసి, తాగే నీళ్లు రెండు బాటిళ్లు పోసి, పసుపు వేశాను. పెళ్లికి అందుకున్నాం. కానీ మీరు ఆ పని చేయకండి. పసుపైనా, షాపుల్లో అమ్మే లీక్ ఆపే పొడైనా చిల్లుని మాత్రమే వెతుక్కుంటూ పోవు, రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా పేరుకుంటాయి.

మర్నాడు నెల్లూరులో రేడియేటర్ పని చేసే పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన బానెట్ ఎత్తనే లేదు. ఎడమ పక్క ముందు డోర్ తీసి, మ్యాట్ లాగేసి, కార్పెట్ కింద వేళ్లు పెట్టి వాసన చూశాడు. తర్వాత రేడియేటర్ మూత స్థానంలో గేజీ ఉన్న చేతి పంపు బిగించి, గేజీలో ఒత్తిడి 0.9 చూపేదాకా గాలి కొట్టాడు. పది నిమిషాల్లో ముల్లు మెల్లగా దిగింది, డ్యాష్‌బోర్డు వెనక నుంచి ఒక్కొక్క బొట్టే జారింది. హీటర్ రేడియేటర్ పోయింది. డ్యాష్‌బోర్డు లోపల నోటుపుస్తకం అంత ఉండే చిన్న రేడియేటర్ అది. ఇంజన్‌లో వేడి నీళ్లు రెండు గొట్టాల గుండా అందులోకి వెళ్లి వస్తాయి. హీటర్ వాడకపోయినా దానిలో నీళ్లు నిండే ఉంటాయి. కారిందంతా కార్పెట్ కింద స్పాంజి పీల్చుకుంటుంది కాబట్టి నేల మీద చుక్క కనపడదు.

కొత్తది వేయాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. పెద్దాయన నవ్వి, "మన నెల్లూర్లో హీటర్ ఎవురికి కావాల అబ్బయ్యా, రెండు గొట్టాలూ కలిపేస్తే పాయె" అన్నాడు. ఇంజన్ వైపు ఉన్న రెండు గొట్టాల నోళ్లనీ ఒకే హోస్‌తో కలిపి క్లిప్పులు బిగించాడు. పసుపు బురద కడిగినదానితో కలిపి 600 అయింది. ఒక్క మాట, ఆ నోళ్లకి బిరడాలు కొట్టి మూసేయనివ్వకండి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌లోకి నీళ్లు వదలని వాల్వు) తెరుచుకునేలోపు నీళ్లు తిరగడానికి ఆ దారే ఆధారం. కలిపితే నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. దీనివల్ల నష్టం ఒకటుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెడితే కొంత వేడి బయటికి లాగేస్తుంది. ఆ ఉపాయం పోయింది. నడి ఎండలో హీటర్ పెట్టుకుని కూర్చోవాల్సిన యోగం తప్పిందని నేను సంతోషించాను.

మీ బండికీ ఇదేనని నేనిక్కడి నుంచి చెప్పలేను. ముందు మీరూ కార్పెట్ కింద వేళ్లు పెట్టి చూడండి. ఏసీ నీళ్లయితే పల్చగా, వాసన లేకుండా ఉంటాయి. కూలెంట్ అయితే వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది, రంగు ఉంటుంది. లోపలి వైపు అద్దం మీద నూనె పూసినట్టు మసక పట్టినా అనుమానించండి. రుచి మాత్రం చూడకండి, అది విషం. కారిన చోట కుక్కల్నీ పిల్లల్నీ రానివ్వకండి.

లోపల పొడిగా ఉంటే అప్పుడు బానెట్ ఎత్తండి. వేడి ఇంజన్ మీద సన్నగా కారేది నేలకి చేరకముందే ఆవిరైపోతుంది, తెల్లగానో పచ్చగానో ఉప్పు కట్టినట్టు మరక మాత్రం మిగులుతుంది. హోస్‌ల చివర్లు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం టార్చి వేసి చూడండి. ఆ రంధ్రం పెట్టిందే అందుకు, లోపల సీలు అరిగితే అక్కడినుంచి బయటికి వస్తుంది. దాన్ని ఎంసీల్‌తో మూసిన మహానుభావుల్ని కూడా చూశాను! రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి పగిలినా నీళ్లు ఆవిరిగా పోతాయి. మూతకయ్యే ఖర్చు తక్కువ, అన్నిటికంటే ముందు మార్చాల్సింది అదే. మూత ఎంత ఒత్తిడిని ఆపుతుందో దాని మీద అంకె ఉంటుంది, పాతదాని మీద ఉన్న అంకే కొత్తదాని మీదా ఉండాలి. 0.9 మూత గట్టిగా ఉంటే లోపలి నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. అందుకే వేడి మీద మూత తీస్తే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగుస్తాయి.

ఇంతా చేసి కనపడకపోతే పంపు టెస్ట్ చేయించండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మూత మీద రాసిన అంకె దాటకుండా గాలి కొట్టి పావుగంట చూడాలి. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మాట ఆలోచించొచ్చు. దానికీ గుర్తులుంటాయి. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగదు. ఆయిల్ మూత కింద పాల టీ రంగు మడ్డి ఉంటుంది. మూత తీసి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే రేడియేటర్ నోటి దగ్గర నీలం ద్రవం పెట్టి చేసే టెస్ట్ ఉంది, ఇంజన్ గ్యాస్ కలిస్తే అది పసుపురంగుకి తిరుగుతుంది. వీటిలో ఏదీ చూపించకుండా హెడ్ దించుతానంటే ఒప్పుకోకండి. మా మెకానిక్ మోసం చేశాడని నేననను, ఊహించి చెప్పాడంతే.

ఇన్నేళ్లుగా రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నారో రాయలేదు. మీ పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, కాచిన గిన్నెకే తెల్లగా పట్టేస్తాయి. ఇంజన్‌లోనూ అంతే. నా బండిలో హీటర్ పోవడానికీ అలాంటి బోరు నీళ్లే కారణం. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయండి. పోశాక మూత తీసే ఉంచి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపి, లోపలి గాలి పోయాక మళ్లీ నింపి మూత బిగించండి. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకని ఎవరైనా పీకేస్తామంటే వద్దనండి, ఇంజన్ వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

హీటరే అని తేలి గొట్టాలు కలిపించుకుంటే, కార్పెట్ మొత్తం లేపి స్పాంజిని రెండు రోజులు ఎండలో ఆరేయండి. నేను పైపైన తుడిచి వదిలేశాను. ఆరు నెలల తర్వాత ఎత్తి చూస్తే అడుగు రేకు మీద అరచేయంత తుప్పు, దానికి వెల్డింగ్ ఖర్చు వేరే.